అధికార పీఠం ఒక్కటేనా?

ప్రపంచాధికారం పడమటి నుంచి తూర్పుకు తరలిపోతున్నదన్న మాటను ఇరవయ్యేళ్ళుగా పుస్తకాల్లోనూ పత్రికల్లోనూ చదువుతున్నాం. వారాంతపు విందుల్లోనూ వింటున్నాం. చైనా ఉత్పత్తి గణాంకాలు, అమెరికా ప్రభుత్వపు అప్పు, భారతదేశపు వృద్ధిరేటు ఈ మాటకు సాక్ష్యాలుగా వస్తుంటాయి. ఆ సాక్ష్యాలు అబద్ధమని నేననను. ప్రపంచ పారిశ్రామికోత్పత్తిలో చైనా వాటా నేడు 30 శాతానికి అటూఇటూగా ఉంది. నా అభ్యంతరమల్లా ‘తరలిపోవడం’ అన్న క్రియాపదంతో. ఒకటి తరలిపోవాలంటే అది మొదట ఒకచోట కుప్పగా ఉండాలి. ఒకరి చేతిలోంచి జారినదంతా మరొకరి చేతిలో పడాలి. సింహాసనం ఒకటే, దాని మీద కూర్చునేవారే మారుతుంటారన్న ఊహ ఈ క్రియాపదంలో దాగి ఉంది.

ఈ ఊహ మనకు ఏమి చూపిస్తుంది, దేనిని చూడనివ్వదు అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం. అందుకు మూడు ప్రసిద్ధ రచనలను తీసుకున్నాను: హాల్ఫర్డ్ మాకిండర్ 1904లో చేసిన ప్రసంగం, పాల్ కెనెడీ 1987లో ప్రచురించిన గ్రంథం, గ్రాహం ఆలిసన్ 2017లో ప్రచురించిన గ్రంథం. భౌగోళిక రాజకీయాలు చదవాలనుకునేవారికి మొదట ఎదురయ్యేవి సాధారణంగా ఇవే. వీటి పక్కన అంతగా పాఠకులకు నోచుకోని నాలుగో పుస్తకం ఒకటి పెట్టి చూస్తే, వీటి బలమూ లోపమూ రెండూ తేటపడతాయని నా నమ్మకం.

మాకిండర్ పటం

1904 జనవరి 25న లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో మాకిండర్ చేసిన ప్రసంగం చరిత్రకు ఇరుసు వంటి ప్రదేశం భూగోళం మీద ఎక్కడుందన్న ప్రశ్న గురించి. ఆయన వాదం క్లుప్తంగా ఇది: కొలంబస్ కాలం నుంచి నాలుగు వందల ఏళ్ళపాటు సముద్రాల మీద పట్టు ఉన్నవారిదే పైచేయి అయింది. ఆ యుగం ముగిసింది. ఓడలు చేరలేని యురేషియా అంతర్భాగం, అంటే ఆనాటి రష్యా సామ్రాజ్యం పరచుకున్న నేల, రైలు మార్గాల పుణ్యమా అని మళ్ళీ చరిత్రకు ఇరుసు కాబోతున్నది. ఆ నేలలోని వనరులతో ఎవరైనా నౌకాదళాన్ని కూడా నిర్మించుకోగలిగితే వారిని ఆపేవారుండరు. 1919లో రాసిన పుస్తకంలో ఈ ప్రాంతాన్నే ఆయన ‘హార్ట్‌ల్యాండ్’ అన్నారు.

ప్రసంగం ముగిసిన రెండు వారాలకు, ఫిబ్రవరి 8న, జపాన్ నౌకలు పోర్ట్ ఆర్థర్‌లోని రష్యా నౌకాదళం మీద దాడి చేశాయి. మరుసటి ఏడు మే నెలలో సుషిమా దగ్గర రష్యా నౌకాదళం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఖండం నడుమనున్న మహాసామ్రాజ్యాన్ని ఖండం అంచునున్న ద్వీపదేశం ఓడించింది. దీనితో మాకిండర్ సిద్ధాంతం కూలిపోయిందనడం తొందరపాటే అవుతుంది. ఆయన లెక్క శతాబ్దాలకు సంబంధించినది. అయితే ఆనాటి సభలోనే లియో ఏమరీ అనే శ్రోత ఒక అభ్యంతరం చెప్పారు. రైళ్ళకూ ఓడలకూ తోడు రేపు గాలిలో ప్రయాణం కూడా వస్తుందనీ, అప్పుడు ఖండం మధ్యలో ఉన్నామా ద్వీపంలో ఉన్నామా అన్నది పెద్ద విషయం కాదనీ, పరిశ్రమలూ విజ్ఞానమూ ఎవరి దగ్గర ఉంటే వారే గెలుస్తారనీ ఆయన మాటల సారాంశం. రైట్ సోదరుల విమానం ఎగిరి అప్పటికి ఆరు వారాలైనా కాలేదు.

అధికారాన్ని నేలకు అంటగట్టడం మాకిండర్ చేసిన పొరపాటు. ఈ పొరపాటు ఆయనతో పోలేదు. ఫలానా దేశంలో ఫలానా ఖనిజం ఇంత ఉంది కనుక రేపటి ప్రపంచం దానిదేనన్న శీర్షికలు ఇప్పటికీ చూస్తున్నాం. మన కళ్ళముందున్న ఉదాహరణే ఒకటి చెప్తాను. భారతదేశపు మోనజైట్ నిల్వల్లో అత్యధిక వాటా ఆంధ్రప్రదేశ్ తీరపు ఇసుకది. భీమునిపట్నం, కళింగపట్నం వైపు తీరంలో నడిచినవారి కాళ్ళకు అంటుకునే నల్లటి ఇసుకలో అది కూడా ఉంటుంది. విద్యుత్ వాహనాల మోటార్లకు కావలసిన నియోడిమియం వంటి రేర్ ఎర్త్ లోహాలు మోనజైట్‌లో ఉన్నాయి. అయినా ఆ మోటార్లలోని అయస్కాంతాల కోసం భారతీయ వాహన పరిశ్రమ చైనా వైపే చూడవలసి వస్తున్నది. ఇసుకకూ అయస్కాంతానికీ నడుమ ఖనిజాన్ని వేరుచేయడం, అందులోని థోరియాన్ని అణుశక్తి చట్టాలకు లోబడి తీసి భద్రపరచడం, ఒకదానిని పోలిన మరొక మూలకాన్ని విడదీయడం, లోహంగా మార్చడం, మిశ్రమలోహం చేయడం అనే మెట్లు ఉన్నాయి. ప్రపంచంలో జరిగే రేర్ ఎర్త్ శుద్ధిలో సుమారు 90 శాతం చైనాలో జరుగుతున్నది. ఆ దేశపు పట్టు ఈ మెట్ల మీద ఉంది. నేలలో ఉన్నది సంపద కావచ్చు; అది అధికారం కావాలంటే దానికోసం ఇంకొకరు మన దగ్గరికే రావలసిన అవసరం ఏర్పడాలి.

కెనెడీ పట్టిక

పాల్ కెనెడీ గ్రంథం 1500 నుంచి 2000 వరకు అగ్రరాజ్యాల ఉత్థానపతనాల చరిత్ర. మాకిండర్ పటం గీస్తే కెనెడీ పద్దుల పుస్తకం తెరిచారు. సైనిక బలం చివరికి ఆర్థిక బలం మీదే నిలుస్తుందని, ఆర్థిక స్తోమతను మించి సైనిక బాధ్యతలు నెత్తికెత్తుకున్న రాజ్యం క్రమంగా కుంగిపోతుందని ఆయన వాదం. హాబ్స్‌బర్గుల స్పెయిన్ నుంచి విక్టోరియా నాటి బ్రిటన్ దాకా దీనిని ఆయన రుజువు చేసిన తీరు ఇప్పటికీ చదివితీరవలసినది. ఆ పుస్తకపు అట్టమీద భూగోళపు శిఖరం నుంచి అంకుల్ శామ్ దిగిపోతుంటే జపాన్ మనిషి పైకెక్కుతున్న బొమ్మ ఉండేది. లోపలి రచన అంత తొందరపడలేదు గాని, పాఠకులు మాత్రం ఆ బొమ్మనే గుర్తుపెట్టుకున్నారు.

జరిగింది మనకు తెలుసు. టోక్యో షేర్ల సూచీ నిక్కై 1989 చివరిరోజుల్లో అందుకున్న శిఖరాన్ని మళ్ళీ దాటడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ రద్దయింది. 2002లో అమెరికా సైనికాధిక్యాన్ని చూసి కెనెడీయే ఆశ్చర్యపడుతూ వ్యాసం రాశారు. జోస్యం తప్పిందని ఎగతాళి చేయడం సులభం. లెక్క ఎక్కడ తప్పిందని అడగడం మేలు.

ఆయన గ్రంథం ప్రచురితం కావడానికి రెండేళ్ళ ముందు, 1985 సెప్టెంబరులో, న్యూయార్క్ ప్లాజా హోటల్లో అయిదు దేశాల ఆర్థికమంత్రులు సమావేశమయ్యారు. డాలర్ విలువ తగ్గించి యెన్, మార్క్ విలువలు పెంచడానికి అంగీకరించారు. ఆనాడు డాలరుకు 240 యెన్లు. 1987 చివరకు సుమారు 120. జపాన్ ఎగుమతుల ధర దాదాపు రెట్టింపయినట్టే. 1986లో విదేశీ చిప్పులకు తన మార్కెట్‌ను తెరవడానికి కూడా జపాన్ ఒప్పుకుంది. ప్రపంచంలో రెండో పెద్ద ఆర్థికవ్యవస్థ తనకు నష్టమని తెలిసీ ఎందుకు తలవంచింది? దాని ఎగుమతులకు ప్రధానమైన సంత అమెరికా. దాని రక్షణకు ఆధారం అమెరికా సైన్యం, అమెరికా అణ్వాయుధాల గొడుగు. కెనెడీ పట్టికలో ఉక్కు టన్నులు, కర్మాగారాల ఉత్పత్తి, సైనికుల సంఖ్య దేశాల వారీగా పక్కపక్క గడుల్లో ఉంటాయి. ఒక గడికీ మరొక గడికీ మధ్యనున్న అధీనత ఆ పట్టికలో ఎక్కడా కనిపించదు.

ఆలిసన్ ఉచ్చు

గ్రాహం ఆలిసన్ పుస్తకం ఈ పదేళ్ళలో రాజకీయ నాయకుల నోట అత్యధికంగా పలికినది. ఎదుగుతున్న శక్తి అప్పటికే పీఠం మీదున్న శక్తిని భయపెడితే యుద్ధం వచ్చే ప్రమాదం తీవ్రమవుతుందని, దీనికి ‘థ్యుసిడిడీస్ ఉచ్చు’ అని పేరు. గత 500 ఏళ్ళలో ఇటువంటి సందర్భాలు 16 అనీ, వాటిలో 12 యుద్ధంగా పరిణమించాయనీ ఆలిసన్ లెక్కగట్టారు. 2015 సెప్టెంబరులో సియాటిల్ ప్రసంగంలో షీ జిన్‌పింగ్ కూడా ఈ పదాన్ని ప్రస్తావించి, అటువంటి ఉచ్చు ఏదీ లేదనీ, అయితే పెద్ద దేశాలు పదేపదే తప్పటడుగులు వేస్తే తమకు తామే దానిని తెచ్చిపెట్టుకుంటాయనీ అన్నారు.

పదహారులో పన్నెండు అన్నది వినడానికి శాస్త్రీయంగా ఉంటుంది. కాని ఆ పదహారింటినీ ఏరినది రచయిత తీర్పే. పైగా ఆయన జాబితాలో 1945 తర్వాత మొదలైన సందర్భాలు రెండే: అమెరికా–సోవియట్ ప్రచ్ఛన్న యుద్ధం, ఏకీకృత జర్మనీ ఎదుగుదల. ఆ రెండూ యుద్ధం లేకుండానే గడిచాయి. అణ్వాయుధాలకు ముందున్న కాలపు నిష్పత్తిని అణ్వాయుధాల కాలానికి అన్వయించడం ఎంతవరకు సబబు?

ఇంతకంటె పెద్ద లోపం ఈ కథలో పాత్రలు ఇద్దరే కావడం. థ్యుసిడిడీస్ చరిత్రను స్వయంగా చదివినవారికి ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే, అందులో ఏథెన్స్, స్పార్టాల తగవు మూడోవారి ద్వారానే ముదురుతుంది. ఎపిడామ్నస్ అనే చిన్న పట్టణంలోని కలహం, దానిలో తలదూర్చిన కొర్సైరా, కొర్సైరాపై కక్షగట్టిన కోరింత్ – కథ మొదలయ్యేది వీటితో. ముగింపులో స్పార్టా గెలిచింది పారశీకుల ధనంతో నిర్మించుకున్న నౌకాదళంతో. మూడోవారు లేకుండా ఆ యుద్ధానికి మొదలూ లేదు, తుదీ లేదు.

ఇక్కడ కౌటిల్యుని అర్థశాస్త్రం గుర్తుకు రావడం సహజం. 1905లో మైసూరు గ్రంథాలయానికి చేరిన తాళపత్ర ప్రతి నుంచి ఆర్. శామశాస్త్రి వెలికితీసి, 1909లో అచ్చువేసిన ఈ గ్రంథంలోని మండలంలో రాజులు పన్నెండుమంది. విజిగీషువు, అరి, మిత్రుడు, అరిమిత్రుడు ఇలా సాగే ఆ వరుసలో మధ్యముడు, ఉదాసీనుడు అని మరో ఇద్దరున్నారు. నేటి తెలుగులో ఉదాసీనుడంటే ఏదీ పట్టనివాడు. కౌటిల్యుని ఉదాసీనుడు వేరు. అతడు తగవుకు వెలుపల ఉంటాడు, అందరికంటె బలవంతుడు, ఎవరికైనా సాయపడగలడు, విడివిడిగా ఎవరినైనా అణచగలడు. తటస్థత బలహీనత కానక్కరలేదన్న ఈ ఎరుక ఆలిసన్ చట్రంలో లేదు. అలాగని కౌటిల్యుణ్ణి మన పతాకంగా ఎగరేసి ఊరుకోవడం కూడా విమర్శ కాదు. పొరుగువాడు శత్రువు, పొరుగువాని పొరుగువాడు మిత్రుడు అన్న ఆయన మండలం కూడా ఒక పటమే. మాకిండర్‌కు చెప్పిన అభ్యంతరం దానికీ కొంత వర్తిస్తుంది.

హర్ష్‌మన్ ప్రశ్న

నాలుగో పుస్తకం 1945లో వచ్చింది. అంతర్జాతీయ వాణిజ్యానికీ జాతీయాధికారానికీ ఉన్న సంబంధంపై దానిని రాసిన ఆల్బర్ట్ హర్ష్‌మన్ 1915లో బెర్లిన్‌లో పుట్టారు. నాజీల నుంచి తప్పించుకున్నారు. 1940లో మార్సేల్ రేవులో ఉండి మరెందరో శరణార్థులను దేశం దాటించారు. అమెరికా చేరాక కాలిఫోర్నియాలో ఈ పుస్తకం రాశారు. 1930లలో బల్గేరియా, రుమేనియా, హంగరీ, యుగోస్లావియాల నుంచి జర్మనీ విరివిగా కొనుగోళ్ళు జరిపింది. చూడబోతే ఇరుపక్షాలకూ లాభమే. కాని జర్మనీ వర్తకంలో ఆ దేశాల వాటా చిన్నది. ఆ దేశాల వర్తకంలో జర్మనీ వాటా మోయలేనంత పెద్దది. వర్తకం ఆగిపోతే జర్మనీకి చిరాకు, వారికి దివాలా. అధికారం పుట్టేది ఈ తేడాలోనని హర్ష్‌మన్ గుర్తించారు. ఆయన ప్రశ్నను మన మాటల్లో ఇలా చెప్పుకోవచ్చు: ఈ సంబంధం రేపు తెగితే ఎవరికి ఎంత నష్టం, దానికి ప్రత్యామ్నాయం వెతుక్కోవడానికి ఎవరికి ఎంత కాలం పడుతుంది?

ఈ ప్రశ్నతో వర్తమానాన్ని చూస్తే పీఠం ఒక్కటిగా కనిపించదు. 2022 అక్టోబరు 7న అమెరికా చైనాకు అధునాతన చిప్పుల ఎగుమతిపై ఆంక్షలు విధించింది. ఆ చిప్పుల తయారీకి కావలసిన ఈయూవీ లితోగ్రఫీ యంత్రాలు చేసే సంస్థ ప్రపంచంలో ఒక్కటే, నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్. రెండు కోట్ల జనాభా కూడా లేని దేశం చేతిలోని ఈ తాళంచెవి కెనెడీ పట్టిక వంటి ఏ పట్టికలోనూ ఇమడదు. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రేర్ ఎర్త్ లోహాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. కొద్ది వారాల్లోనే అమెరికా, జపాన్ కార్ల కర్మాగారాల్లో కొన్నిచోట్ల ఉత్పత్తి ఆగింది. అక్టోబరులో చైనా ఆంక్షలను మరింత విస్తరించి, అక్టోబరు 30న బూసాన్‌లో ఇరుదేశాల అధ్యక్షులు కలిశాక ఆ విస్తరణను ఏడాదిపాటు వాయిదా వేసింది. ఇందులో పీఠం దిగినవారెవరు, ఎక్కినవారెవరు? ఇద్దరి చేతులూ ఒకరి గొంతు మీద మరొకరివి ఉన్నాయి.

కాలం సంగతి ఇంకా ముఖ్యం. 2010లో సెన్‌కాకు దీవుల తగవు నడుమ జపాన్‌కు చైనా నుంచి రేర్ ఎర్త్ సరఫరాకు అడ్డంకి ఏర్పడింది. అప్పటి నుంచి ఆస్ట్రేలియా గనిలో పెట్టుబడి పెట్టి, నిల్వలు చేసుకుని, వాడకం తగ్గించుకుని, చైనాపై ఆధారపడటాన్ని సుమారు 90 శాతం నుంచి 60 శాతానికి తేవడానికి జపాన్‌కు పదేళ్ళకు పైగా పట్టింది. యూరప్ అనుభవం మరోలా ఉంది. 2021లో యూరోపియన్ యూనియన్ దిగుమతి చేసుకున్న గ్యాసులో 40 శాతానికి పైగా రష్యాదే. రష్యా గొట్టాలు బిగించింది. యూరప్ అధిక ధర చెల్లించి, ఓడల్లో గ్యాసు తెప్పించుకుని, రెండు శీతాకాలాల్లో గట్టెక్కింది. రష్యా ఆయుధం ఒక్కసారి వాడగానే మొద్దుబారింది. డాలర్, యూరోల వైపు నుంచి చూస్తే, 2022లో స్తంభింపజేసిన రష్యా విదేశీ మారక నిల్వలు సుమారు 30,000 కోట్ల డాలర్లు. రష్యా అప్పటికే తన నిల్వల్లో డాలర్లు తగ్గించి యూరోలు పెంచుకుంది. యూరోలు కూడా చిక్కుకుపోయాయి. ఒక పరాధీనత నుంచి తప్పుకుని మరొకదానిలో పడటం ప్రత్యామ్నాయం కాదని ఇది చెబుతున్నది.

హర్ష్‌మన్ ప్రశ్నకూ పరిమితి ఉంది. వర్తక బంధాలు బలపడితే రష్యా యుద్ధానికి దిగదని జర్మనీ దశాబ్దాలుగా నమ్మింది. 2022 ఫిబ్రవరిలో ఆ నమ్మకం కూలింది. నష్టాన్ని లెక్కచేయని పాలకుడి ముందు నష్టాల లెక్క పనిచేయదు. హర్ష్‌మన్ కూడా 1978లో తన వాదాన్ని తానే సరిదిద్దుకున్నారు. బలవంతుడికి పట్టించుకోవలసినవి పది ఉంటాయి; అధీనుడికి ఆ ఒక్క బంధమే జీవన్మరణ సమస్య. అందుకే దానిని వదిలించుకోవడానికి అధీనుడు పెట్టే శ్రద్ధ, బలవంతుడు దానిని నిలుపుకోవడానికి పెట్టే శ్రద్ధ కంటె ఎక్కువగా ఉండవచ్చునన్నారు. సొంత సిద్ధాంతాన్ని ఇలా తిరిగి తూచుకోవడం ఈ శాస్త్రంలో తరచుగా కనబడేది కాదు.

హైదరాబాదు మాత్ర

ఈ చర్చ పెద్ద దేశాలకే పరిమితమనుకోనక్కరలేదు. 2025 ఆగస్టు చివరివారం నుంచి అమెరికా భారతదేశపు సరుకుల్లో అనేకం మీద 50 శాతం సుంకం వేసింది. అందులో సగం రష్యా చమురు కొంటున్నందుకు. ఆ సుంకం నుంచి జెనెరిక్ మందులకు మినహాయింపు దొరికింది. దయతో ఇచ్చినది కాదు. అమెరికన్లు వాడే జెనెరిక్ మందుల్లో పెద్దభాగం భారతీయ సంస్థలవి, వాటి ధర పెరిగితే బాధ వారి రోగులదే. ఆ సంస్థల్లో ముఖ్యమైనవి హైదరాబాదువి. 1961లో స్థాపితమైన ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్ హైదరాబాదు కర్మాగారంలో తయారైన రసాయన శాస్త్రజ్ఞులు, 1970 నాటి పేటెంట్ చట్టం ఇచ్చిన వెసులుబాటు – ఈ రెండింటి మీద ఈ బలం పెరిగింది. సగర్వంగా చెప్పుకోదగినదే.

కాని మాత్రను విప్పి చూడాలి. భారతదేశం దిగుమతి చేసుకునే ముడి ఔషధాల్లో సుమారు 70 శాతం చైనా నుంచి వస్తాయి. ఒకప్పుడు ఇక్కడ తయారైన పెన్సిలిన్ జి చైనా చౌకధరకు తట్టుకోలేక ఆగిపోయింది. 2020లో గల్వాన్ ఘర్షణ జరిగిన వేసవిలోనూ ఆ ముడిసరుకు వస్తూనే ఉంది. రాకపోతే మనకు గత్యంతరం లేదు. ఆ ఏడాది మొదలైన ప్రోత్సాహక పథకం కింద కాకినాడ దగ్గర పెన్సిలిన్ జి కర్మాగారం 2024లో ప్రారంభమైంది. అమెరికా రోగి హైదరాబాదు మీద, హైదరాబాదు చైనా మీద ఆధారపడిన ఈ గొలుసులో భారతదేశం ‘ఎదుగుతున్న శక్తి’ అవునా కాదా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ఒక కొస దగ్గర శక్తి, మరో కొస దగ్గర పరాధీనత.

ప్రవాసంలో ఉన్న మనం కూడా ఈ గొలుసులో ఒక లంకెమే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్–1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించినపుడు మన ఇళ్ళలో ఆ రాత్రి ఎవరూ హార్ట్‌ల్యాండ్ గురించి మాట్లాడుకోలేదు. టికెట్లు రద్దు చేసుకోవాలా, ఊళ్ళో ఉన్నవాళ్ళు వెంటనే తిరిగి రావాలా అని మాట్లాడుకున్నారు. అది కూడా హర్ష్‌మన్ ప్రశ్నే: ఈ బంధం తెగితే వారికి ఎంత నష్టం, మనకు ఎంత నష్టం, ఎవరు ఎంత త్వరగా వేరే దారి చూసుకోగలరు? ఈ అనుభవం ఉన్న పాఠకులు ‘అధికారం తూర్పుకు తరలుతున్నది’ అన్న వాక్యంతో అంత సులభంగా తృప్తిపడకూడదు.

మాకిండర్, కెనెడీ, ఆలిసన్‌లను చదవవద్దని ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పటం లేనిదే దూరాలు తెలియవు, పట్టిక లేనిదే పరిమాణాలు తెలియవు, పాత యుద్ధాలు తెలియనిదే జాగ్రత్త రాదు. అయితే వాటిని చదివేటప్పుడు ప్రతి అధ్యాయం చివరా ఆగి, ఎవరు పైకెక్కుతున్నారని కాకుండా, ఎవరు దేనికోసం ఎవరి మీద ఆధారపడ్డారు, ఆ అవసరం తీరడానికి ఎన్నాళ్ళు పడుతుంది అని అడిగితే జవాబులు వేరుగా వస్తాయి. ఆ జవాబుల్లో భీమిలి ఇసుకకూ, కాకినాడ పెన్సిలిన్‌కూ, వీసా కార్యాలయం వెలుపలి వరుసకూ చోటు దొరుకుతుంది. ఆ మూడు పుస్తకాల్లో వాటికి చోటు లేదు.